ఒంటి చేత్తో అనే ట్యాగు

పది దాటి రెండు నిమిషాలైంది. పదకొండింటికి చూడాలి, ఒక్క నిమిషం ముందు కూడా చూడకూడదు, అలా అని కోడలు తన తమ్ముడికి మాటిచ్చింది, మాటివ్వడమే కాదు, తన సంగతి తనకి బాగా తెలుసు కాబట్టి ఫోను తీసి అత్తయ్య చేతిలో పెట్టేసింది, అత్తయ్య దాన్ని గుండీల సొరుగులో పడేసి, ఆ సొరుగుకి అడ్డంగా కుర్చీ జరుపుకుని కూర్చుంది. కాపలా అంటే అలా ఉండాలి మరి. ఇప్పుడు కోడలి ముందున్నది ఎవరిదో నల్ల ప్యాంటు, కింద అంచు రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టాలి, చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది, సూది దిగుతోంది, లేస్తోంది, మనసు మాత్రం సొరుగులో గుండీల మధ్య ఉంది. ఇరవై ఒక్క రోజులు ఎలా ఆగిందో ఆగింది, ఈ ఒక్క గంట దగ్గరికొచ్చేసరికి ఒళ్ళు నిలవడం లేదు. భయమా అంటే భయం కాదు, ఉంటే ఏ మూలో కాస్త ఉందేమో, మిగతాదంతా సంబరమే, పరీక్ష బాగా రాశానని తెలిసినవాళ్ళకి ఫలితాల రోజు పొద్దున ఉండేలాంటిది, ఊరికే నవ్వొస్తోంది, ఆపుకుంటే ఇంకా వస్తోంది.

"నవ్వుతూ కుట్టకమ్మా, కుట్టు వంకరపోతుంది," అంది అత్తయ్య తలెత్తకుండానే.

చూడాల్సింది ఏమంత పెద్దది కాదు. ఎవరైనా సెర్చ్‌లో ‘ఒంటి చేత్తో చొక్కా’ అని కొడితే తమ బ్లాగు పేజీ ఎన్నోదిగా వస్తోందో చూడాలి, అంతే. గుండీలు కుట్టుకుని బతికే ఇద్దరు ఆడవాళ్ళకి ఈ బాధ దేనికని ఎవరైనా అడగొచ్చు, కోడలి భర్త అడిగాడు కూడా, అడిగి ఇద్దరి చేతా మాటలు పడ్డాడు. ఈ కొట్టులో కొత్త బట్టలు కుట్టరు, ఉన్నవాటిని ఒంటికి సరిచేసి ఇస్తారు, రెండు మిషన్లు, అంచులు పోగులు లేవకుండా కుట్టే ఓవర్‌లాక్ ఒకటి, నిలువుటద్దం, వేసుకుని చూసుకోవడానికి తెర కట్టిన మూల, అద్దాల తలుపు అవతల కళ్ళజోళ్ళ షాపు, దాని పక్కన తాళంచెవులు కోసే ఆయన. తొమ్మిదేళ్ళుగా అత్తయ్య చేసిన ప్రతి కొత్త రకం మార్పునీ కోడలు బ్లాగులో రాసి పెడుతోంది, అత్తయ్య మిషను తొక్కుతూ చెబుతుంది, కోడలు ఒక్కో టపాగా టైపు చేస్తుంది, అలా తొమ్మిది వందల పైచిలుకు టపాలయ్యాయి. టపా రాశాక కింద ట్యాగులు పెట్టాలి కదా, అంటే ఈ టపా దేని గురించో నాలుగు ముక్కల్లో చీటీ అంటించాలి, ఆ చీటీ నొక్కితే అలాంటి టపాలన్నీ ఒక్క పేజీలో వరసగా వస్తాయి, సెర్చ్ వాడికి అదీ ఒక పేజీయే. "దీనికేం ట్యాగు పెట్టను అత్తయ్యా" అనడం, అత్తయ్య నోటికేదొస్తే అదనడం, కోడలు అదే కొట్టేయడం. నడుం దగ్గర పట్టేసింది. మెడ గీసుకుంటోంది. జిప్పు మొరాయిస్తోంది. పారేయడానికి మనసొప్పలేదు. రేపే కావాలట. చొక్కా అని ఒకటి, చొక్కాలు అని ఒకటి, షర్టు అని ఒకటి, షర్ట్‌లు అని ఇంకొకటి, నాలుగూ ఒకటేనని తొమ్మిదేళ్ళూ ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. లెక్కపెడితే ఆరువందల పదకొండు ట్యాగులు. టపాలు సర్దే అరల్లాంటి వర్గాలు ముప్ఫై ఎనిమిది, అందులో ‘ఇతరాలు’ అనే వర్గంలో రెండు వందల టపాలు పడున్నాయి, ఏం రాసినా ఎక్కడ పెట్టాలో తోచకపోతే అందులో గిరాటేయడమే.

అంతా ఆ లైబ్రరీ ఆయన మాటతో మొదలైంది. లైబ్రరీలో పనిచేసి మానేసిన పెద్దాయన, కోటు చేతులు కురచ చేయించుకోవడానికొచ్చి, కూర్చున్నంతసేపూ ఫోనులో బ్లాగు చూసి, "బాగుందమ్మాయ్, కానీ గుండీల డబ్బా తలకిందులు చేసినట్టుంది" అనేసి చక్కా వెళ్ళిపోయాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు, కోడలికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. కొట్టుకి సెలవు రోజున మధ్యాహ్నం కూర్చుంది, ఒకటే టపా ఉన్న ట్యాగు తీసెయ్, రెండే ఉన్నది తీసెయ్, మూడేగా, తీసెయ్, మాయదారి ట్యాగులు, ఇన్నాళ్ళు మోసింది చాలు అనుకుంటూ పూనకం వచ్చినట్టు తీసిపారేసింది. అబ్బ, ఆ మధ్యాహ్నం ఎంత హాయిగా ఉండింది. సాయంత్రానికి మూడువందల నలభై ట్యాగులు పోయాయి, బ్లాగు కడిగిన పళ్ళెంలా తళతళలాడింది, అత్తయ్యని పిలిచి చూపించింది, అత్తయ్య "ఏం తీశావో రాసి పెట్టుకున్నావా" అని మాత్రం అడిగింది. రాసుకోలేదు. ఎందుకు రాసుకుంటుంది, చెత్త ఊడ్చేటప్పుడు ఎవరైనా జాబితా రాస్తారా అనుకుంది, పైకి కూడా అనేసింది, ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

వారం తిరిగేసరికి ఫిజియోథెరపీ ఆవిడ ఫోను. పెద్దాసుపత్రిలో పక్షవాతం వచ్చినవాళ్ళ చేత వ్యాయామాలు చేయిస్తుంది ఆవిడ, బట్టలు వేసుకోవడం దగ్గర ఎవరైనా డీలాపడితే అక్కడికక్కడే ‘ఒంటి చేత్తో చొక్కా’ అని వెతికి, మొదట వచ్చిన పేజీ తెరిచి ఫోను వాళ్ళ చేతిలో పెడుతుందట, ఏళ్ళ తరబడి అదే అలవాటు, లింకు ఎక్కడా దాచుకోలేదు. "మీ పేజీ ఏమైందండీ, నొక్కితే పేజీ లేదని వస్తోంది. నిన్నయితే అసలు లిస్టులోనే లేదు. ముగ్గురికి చూపిద్దామని చూశాను" అంది. కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. మూడే టపాలున్న ట్యాగు, ‘ఒంటి చేత్తో’, అది తీసేటప్పుడు ఒక్క క్షణమైనా ఆగిందా, ఆగలేదు, మూడేగా అనుకుంది. ఆ ట్యాగు పేజీయే ఇన్నాళ్ళూ సెర్చ్‌లో మొట్టమొదట నిలబడి ఉందని ఎవరికి తెలుసు. పోయినవాటన్నిట్లోకీ పోకూడనిది అదే, అది మామయ్య చొక్కా.

మామయ్య సైకిళ్ళు బాగుచేసేవాడు, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పానా ఉండాల్సిన మనిషి, ఒక పొద్దున లేచేసరికి కుడిచెయ్యి ఎవరిదో అయిపోయింది. రోజూ అత్తయ్య గుండీలు పెడుతుంటే కప్పు వైపు చూస్తూ నిలబడేవాడు, ఆ ఐదు నిమిషాలూ ఇంట్లో అందరూ వంటగదిలో ఏదో పనున్నట్టు తిరిగేవాళ్ళు. అత్తయ్య పాత చొక్కా ఒకటి విప్పి కాజాలు మూసేసింది, వాటి మీద గుండీలు అలంకారానికి అలాగే కుట్టేసింది, పట్టీ లోపల చిన్నచిన్న అయస్కాంతాలు పెట్టింది, రెండంచులూ దగ్గరికి తెస్తే చాలు, టక్ టక్ టక్‌మని వాటంతటవే అతుక్కున్నాయి. మొదటిసారి తనంతట తాను వేసుకున్న రోజు మామయ్య వీధి తలుపు తీసుకుని బయట గుమ్మంలో నిలబడ్డాడు, పనేం లేదు, ఎవరూ రాలేదు, ఊరికే అరగంట నిలబడ్డాడు. ఆ తరవాత నాలుగేళ్ళు బతికాడు, నాలుగేళ్ళూ తన చొక్కా తనే వేసుకున్నాడు. అత్తయ్య ఆ టపా చెప్పిన రోజు మిషను ఆపేసి చెప్పింది, మిషను ఆపి చెప్పిన టపా తొమ్మిది వందల్లో అదొక్కటే.

పదిన్నర కూడా కాలేదు, ఈ గడియారానికి ఏం పోయేకాలం వచ్చిందో, ముల్లు జరగదేం. ఫిజియోథెరపీ ఆవిడ ఫోను పెట్టేశాక ఏం జరిగిందో మళ్ళీ మనసులో ఆడించుకుంది కోడలు, ఎన్నిసార్లు ఆడించుకున్నా ఆ ముక్క దగ్గర నవ్వే వస్తుంది. అత్తయ్య తిడుతుందనుకుంది, తిట్టినా బాగుండేది, అత్తయ్య మాత్రం నోట్లో గుండుసూదులు పెట్టుకునే అడిగింది.

"పాత అడ్రసుకి వచ్చినవాళ్ళకి ఇప్పుడేం కనిపిస్తోంది?"

"ఏం లేదత్తయ్యా. పేజీ లేదని వస్తుంది."

"అంటే మన గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతున్నారు. సరే. నడుం తగ్గించమని ప్యాంటు తెస్తే ఎక్కువున్న గుడ్డ కోసేస్తావా?"

"కొయ్యను. లోపలికి మడిచి కుడతాను."

"ఎందుకు?"

"మళ్ళీ ఒళ్ళు చేస్తే విప్పొచ్చని."

"తొమ్మిదేళ్ళు నా దగ్గర నేర్చుకున్నావ్. మరి ఇక్కడెందుకు కోశావ్?"

కోసిందే తప్పు. ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోను చేసింది, వాడు కంప్యూటర్ల ఆఫీసులో ఇలాంటి పనే చేస్తాడు, వాడు విని పెద్దగా నవ్వి, "మీ అత్తగారు చెప్పిందే అక్కా, మేమూ అదే చేస్తాం" అన్నాడు. పాత చిరునామా చావకూడదు, దాన్ని నొక్కినవాళ్ళు తిన్నగా కొత్త పేజీకి వెళ్ళేలా దారి మళ్ళించాలి, శాశ్వతంగా మళ్ళించానని సెర్చ్ వాడికి చెప్పాలి, అప్పుడు పాతదానికున్న పరపతి కొత్తదానికి నెమ్మదిగా వస్తుంది. ఏ పేజీకి ఎంతమంది వస్తున్నారో ముందు చూడాలి, జనం వచ్చేదాని పేరు ముట్టుకోకూడదు, ఎవరూ రానిదాన్ని దాని చుట్టాల్లో కలపాలి. తమ బ్లాగులో టపా చిరునామాలో వర్గం పేరు కూడా ఉంది, వర్గం మారిస్తే టపా ఇల్లు మారినట్టే, దానికీ దారి పెట్టాలి. అన్నీ ఒక్కరోజే చెయ్యకూడదు, కొన్ని చేసి ఆగాలి, చూడాలి, ఆగాలి. ఆగడమే కోడలికి చేతకాని విద్య, వాడికది చిన్నప్పట్నుంచీ తెలుసు, అందుకే చివరి విడత అయ్యాక మూడు వారాలు చూడనని ఒట్టు వేయించుకున్నాడు, "చూశావంటే మళ్ళీ ఏదో ఒకటి కెలుకుతావ్" అన్నాడు.

ఈ దారులన్నీ రాసుకున్న నోటుపుస్తకం ఎంత బాగుండేదో. రెండు వారాల పాటు రోజూ మధ్యాహ్నం తలుపుకి ‘మూసి ఉంది’ పలక తగిలించుకుని ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు, ఎడమవైపు పాత ట్యాగు, మధ్యలో బాణం గుర్తు, కుడివైపు అది వెళ్ళాల్సిన చోటు, తీసేసిన మూడువందల నలభై పేర్లూ తమ్ముడు బ్లాగు పాత నకలులోంచి వెతికి పంపించాడు, ఒక్కొక్కటీ కోడలు చదవడం, అత్తయ్య తీర్పు చెప్పడం. "చొక్కాలు, షర్టు, షర్ట్‌లు?" "చొక్కాలో కలుపు." "పొట్ట వచ్చింది?" "నడుం దగ్గర పట్టేసిందిలో కలుపు, ఏం, పొట్ట రాకుండా నడుం పట్టేస్తుందా." ఇద్దరూ పడీపడీ నవ్వారు. కోడలు నవ్వు ఆపింది మాత్రం తమ్ముడు పంపిన రెండో జాబితా చూసినప్పుడు, జనం సెర్చ్‌లో ఏమేం కొట్టి తమ దగ్గరికి వచ్చారో ఆ జాబితా. తను పెద్ద తెలివిగా పెట్టుకున్న ‘దుస్తుల సవరణ’, ‘కుట్టుపని చిట్కాలు’ వర్గాలకి నరపురుగు కూడా రాలేదు. వచ్చినవాళ్ళంతా అత్తయ్య మాటలకి వచ్చారు. మెడ గీసుకుంటోంది అని కొట్టి వచ్చారు. పారేయడానికి మనసొప్పలేదు అని, అక్షరం పొల్లుపోకుండా అదే కొట్టి వచ్చారు, ఎంతమంది వచ్చారో చూసి తన కళ్ళని తనే నమ్మలేదు. బాధలో ఉన్నవాళ్ళు పుస్తకం భాషలో వెతకరు, నోటికొచ్చినట్టు వెతుకుతారు, నోటికొచ్చినట్టు చెప్పే మనిషి తొమ్మిదేళ్ళుగా తన ఎదుటే కూర్చుని ఉంది. ఆ రోజు కోడలు లేచి అత్తయ్యని వెనకనుంచి కావలించుకుంది, అత్తయ్య "సూది ఉంది, సూది" అని కేకలేసింది.

ముప్ఫై ఎనిమిది వర్గాలు ఏడయ్యాయి, ‘ఇతరాలు’ ఖాళీ అయింది, ఆ గుట్టలోంచి మామయ్య చొక్కాకి తోబుట్టువులు ఐదు టపాలు బయటపడ్డాయి, ఒక చేత్తో జిప్పు, ఒక చేత్తో నాడా, ఇలాంటివి. ‘ఒంటి చేత్తో’ ట్యాగు మళ్ళీ పాత చిరునామాలోనే లేచి నిలబడింది, ‘చెయ్యి పడిపోతే’, ‘ఒక చెయ్యి’, ‘ఎడమ చేత్తో’ అన్నీ దాంట్లోకే దారితీశాయి, పేజీ పైన అత్తయ్య చెప్పిన నాలుగు వాక్యాలు. ఎంత బాగా కుదిరిందో. ఎక్కడా పిగిలిపోయే కుట్టు లేదు. అది మొదటికి వస్తుంది, రాకపోతే న్యాయం లేదు, వస్తుంది, వచ్చాక ఫిజియోథెరపీ ఆవిడకి తనే ఫోను చేసి చెబుతుంది, కొట్టి చూడండి, మొదటిది నొక్కండి అని.

"అమ్మాయ్," అంది అత్తయ్య. "ఆ ప్యాంటాయన కాలెక్కడ దూర్చుకుంటాడు?"

కోడలు కిందికి చూసుకుంది. అంచు మడిచి కుట్టడం కాదు, ముందు గుడ్డా వెనక గుడ్డా కలిపి ఎడమ కాలి మూతి మొత్తం మూసేసింది, సంచీ కుట్టినట్టు, ఎంత తిన్నగా కుట్టిందంటే విప్పడానికి జాలేస్తోంది. అత్తయ్య కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. కుట్లు విప్పే కొక్కెం తీసుకుని కోడలు ఒక్కొక్క పోగూ తెంపుతూ కూర్చుంది, అదీ మంచిదే అయింది, ఆ పనిలో పడి గడియారం మరిచిపోయింది, సొరుగులో ఫోను మోగినప్పుడు నిజంగానే ఉలిక్కిపడింది.

"పదకొండు," అన్నాడు తమ్ముడు స్పీకర్లో. "అక్కా, మామూలుగా వెతకద్దు, ప్రైవేట్ విండోలో వెతుకు, లేకపోతే నువ్వు రోజూ చూసేవే పైకి చూపిస్తుంది."

అత్తయ్య కూడా మిషను వదిలి వచ్చి భుజం పక్కన నిలబడింది. కోడలు కొట్టింది, వేళ్ళు ఒకదాని మీదొకటి పడి రెండుసార్లు తప్పు పడింది, మూడోసారి కుదిరింది, తెర తెల్లబడి మళ్ళీ నిండింది. ఉంది. ఉంది, తమ పేజీ ఉంది, వెనక్కి వచ్చేసింది, అత్తయ్య చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కేసింది, ఆ తరవాత గాని కంటికి ఆనలేదు, తమది రెండోది. పైన ఇంకేదో ఉంది. ఇదివరకు ఎప్పుడూ చూడనిది, ఎవడిదో కొత్త పేజీ. సరిగ్గా తమ మాటలే, ఒంటి చేత్తో వేసుకునే చొక్కా. కోడలి ఒళ్ళు భగ్గుమంది, కాపీ కొట్టాడు దొంగవెధవ అనుకుంటూ నొక్కింది.

పేజీలో బొమ్మలే ముందు కనిపించాయి, చొక్కా ముందుభాగం, పట్టీ, కొలతలు, గీతలు వణికాయి గాని కొలతలు ఎక్కడా తప్పలేదు. కింద ఇలా ఉంది. ‘నేను భవనాల పటాలు గీసేవాణ్ణి. కుడిచెయ్యి పనిచెయ్యదు. ఇదంతా ఎడమచేత్తో గీసి, ఎడమచేత్తో టైపు చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. ఇదివరకు ఇలా వెతికితే ఒక పేజీ వచ్చేది, దాన్ని చూసే నా చొక్కాలు మార్పించుకున్నాను. ఒక నెలగా అది కనిపించడం లేదు. రాసినవాళ్ళు ఎలా ఉన్నారో ఏమో. నాలాంటివాళ్ళు ఆ పేజీ కోసం వెతికి ఖాళీగా వెళ్ళకూడదని గుర్తున్నంతవరకు రాసి పెడుతున్నాను.’

కోడలు పైకి చదువుతూ చదువుతూ సగంలో ఆగి ఫోను అత్తయ్యకిచ్చేసింది. మిగతాది అత్తయ్య తనే ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివింది, చివరిదాకా చదివింది, మళ్ళీ మొదట్నుంచి చదివింది.

"ఒకటి మర్చిపోయాడు," అంది. "గుండెలో మిషను పెట్టుకున్నవాళ్ళు అయస్కాంతం వాడకూడదు, అంటుకునే పట్టీ వాడాలి. మనం రాశాం కదా. ఇందులో లేదు. ముందు అది చెప్పు."

"అక్కా, రెండో స్థానం మామూలు విషయం కాదు," అంటున్నాడు తమ్ముడు అవతల్నుంచి. "ఇంకొంచెం కష్టపడితే అతన్ని దాటేస్తాం."

"నువ్వుండరా, ముందు చదివేది ఆయనదే కదా. అది సరిగ్గా ఉండాలి," అంది అత్తయ్య ఫోనుతో. కోడలు ఆ పేజీ కింద వ్యాఖ్య రాసింది, మేమే ఆ పేజీ వాళ్ళం, బాగానే ఉన్నాం, పొరపాటున తీసేశాను, మళ్ళీ పెట్టాం, మీ బొమ్మలు మావాటికంటే బాగున్నాయి, ఒక్క మాట మాత్రం చేర్చండి. పంపింది. ప్యాంటు తీసుకుని కూర్చుంది. పది నిమిషాలకి వ్యాఖ్యకి జవాబు వచ్చిందని ఫోను టింగుమంది. ఆయనే. ‘చేర్చేశాను. మీరు క్షేమమని తెలిసి ఎంత సంతోషంగా ఉందో. అసలు పేజీ మీది, నాది దానికి అడ్డంగా పైన కూర్చుందని ఇప్పుడే చూశాను. నాది తీసేస్తాను, మీది మళ్ళీ మొదటికి వస్తుంది.’

"తీయమను అక్కా, ఆయనే అంటున్నాడుగా," అన్నాడు తమ్ముడు, వాడింకా ఫోనులోనే ఉన్నాడు.

ఇరవై ఒక్క రోజులుగా కోడలు అడుగుతున్నది ఇదే, పళ్ళెంలో పెట్టి చేతికిస్తున్నారు. ఔనని ఒక్క మాట రాస్తే చాలు. ఆమె అత్తయ్య వైపు చూడలేదు, ఎవర్నీ అడగలేదు. ‘దయచేసి తీయకండి’ అని రాసి పంపించింది. తరవాత తమ బ్లాగు తెరిచి, ‘ఒంటి చేత్తో’ పేజీలో అన్నిటికంటే పైన, అత్తయ్య వాక్యాలకి కూడా పైన, కొత్త వాక్యం ఒకటి మొదలుపెట్టింది: ఎడమచేత్తో గీసిన ఈ బొమ్మలు ముందు చూడండి. దానికి ఆయన పేజీ లింకు పెట్టింది.

"అలా లింకు ఇచ్చావంటే ఆయనది ఇంకా గట్టిపడుతుంది అక్కా. మనం ఇక దాటలేం."

"తెలుసురా," అంది కోడలు, పేజీ ప్రచురించే మీట నొక్కుతూ.